పాత్ర చేతికి తుపాకీ ఇచ్చే ముందు

సినిమా ఆర్ట్ డిపార్టుమెంటులో ప్రాపర్టీ, అంటే పాత్రలు వాడే సామాను, చూసుకోవడం నా పని. కథలో తుపాకీ ఉందని తెలిస్తే, కృష్ణానగర్‌లో సామాను అద్దెకిచ్చే గోడౌన్‌కు ఫోను చేయడానికి ముందే ఒక కాగితం మీద పాత్ర పేరు రాసి, పక్కన ఒక ప్రశ్న రాసుకుంటాను: ఈ తుపాకీ ఇతని చేతికి ఎలా వచ్చింది? ప్రభుత్వం ఇచ్చిందా, లైసెన్సు మీద కొన్నాడా, ఎవరి దగ్గరైనా లాక్కున్నాడా, ఊరి కమ్మరి చేసి ఇచ్చాడా, తాతల నాటిదా? ఇది తేలితే ఏ తుపాకీ పెట్టాలన్నది సగం తేలిపోయినట్టే. తేలకపోతే రచయితను అడగండి. ఆయన దగ్గరా జవాబు లేకపోతే కథలో ఒక ఖాళీ ఉందన్నమాట. అది షూటింగ్‌కు ముందే బయటపడితే అందరికీ మేలు.

కొత్తగా ఆర్ట్, దర్శకత్వ శాఖల్లో చేరినవాళ్లకూ సొంతంగా లఘుచిత్రాలు తీసుకునేవాళ్లకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. గాలిలో మాట్లాడకుండా ఒక కథ పట్టుకుందాం. మనందరికీ తెలిసిన 1922 మన్యం తిరుగుబాటు.

లెక్కతో మొదలుపెట్టండి

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. చింతపల్లిలో తాము తీసుకున్నవేమిటో స్టేషన్ రికార్డులోనే రాసి రాజు సంతకం పెట్టాడు: 11 తుపాకులు, 1390 తూటాలు, 5 కత్తులు, 14 బాయినెట్లు. మూడు స్టేషన్లలో కలిపి దొరికినవి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. ప్రాపర్టీ చూసేవాడికి ఇంతకు మించిన పత్రం ఉండదు. కథానాయకుడే మన చేతికి జాబితా రాసి ఇచ్చాడు.

ఇప్పుడు ఆ అంకెలతో ఆలోచించండి. ఫ్రేములో రెండు వందల మంది తిరుగుబాటుదారులు ఉంటే ప్రతి ఒక్కరి భుజానా తుపాకీ వేలాడకూడదు. ఆ ఇరవై ఆరే చేతులు మారుతూ కనిపించాలి. మిగతావాళ్ల దగ్గర విల్లంబులు, బల్లేలు, గొడ్డళ్లు, వేటకు వాడే ఒకటి రెండు నాటు తుపాకులు ఉంటాయి. తూటాలను తుపాకులకు పంచి చూడండి, ఒక్కో దానికి వంద కూడా రావు. అడ్డతీగల స్టేషన్ మీదకు వెళ్లేసరికి పోలీసులు ముందే ఆయుధాలు తరలించేశారు, అక్కడ కొత్తగా ఏమీ దొరకలేదు. రాజు 1924 మే 7న కొయ్యూరులో మరణించేదాకా, దాదాపు రెండేళ్లు, ఈ కొరత వెంటాడింది.

దీన్ని ఫైట్ మాస్టర్‌కు షూటింగ్‌కు చాలా ముందే చెప్పాలి. వంద తూటాలు కూడా లేని మనిషి గాలిలోకి కాల్చడు, పొదల్లోకి గుడ్డిగా కాల్చడు. లోయ దారిలో శత్రువు దగ్గరికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు చనిపోయింది అలాంటి మాటులోనే. నటుడికి నేను ఒక అలవాటు నేర్పిస్తాను: కాల్చిన ప్రతిసారీ చేయి తూటాల సంచి మీదకు వెళ్లాలి, వేళ్లు లోపల ఎన్ని మిగిలాయో తడిమి చూడాలి. డైలాగు అక్కర్లేదు. తూటాలు అడుగంటుతున్నాయన్న భయం ప్రేక్షకుడికి ఆ వేళ్లలోనే కనిపిస్తుంది.

ఎవరి చేతిలో ఏది

1857 తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం భారతీయుల చేతికి తనకంటే ఒక తరం పాత ఆయుధం ఇచ్చే పద్ధతి పెట్టుకుంది. తెల్ల సైనికుడి దగ్గర మార్టినీ హెన్రీ రైఫిలు ఉన్న రోజుల్లో దేశీ సిపాయికి అంతకు ముందుదైన స్నైడర్ రైఫిలు ఇచ్చారు. పోలీసుకు ఇంకా తక్కువ: గొట్టంలో గాడులు లేని, ఒక్కసారికి ఒకే తూటా పట్టే మస్కెట్టు. అందుకే తాలూకా స్టేషన్ కానిస్టేబుల్ చేతిలో పది తూటాల .303 రైఫిలు పెట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. మార్టినీ తరహా మస్కెట్టు పెట్టండి. దానికి పక్కన బోల్టు పిడి ఉండదు. ట్రిగ్గర్ కింద పొడవాటి లివరు ఉంటుంది. దాన్ని కిందికి లాగితే లోపలి దిమ్మె దిగి కాల్చిన తొడుగు బయటికి వస్తుంది, చేత్తో ఒక తూటా పెట్టి లివరు పైకి మూయాలి. నటుడు కళ్లు శత్రువు మీదే ఉంచి ఇదంతా తడుముకోకుండా చేయగలిగేదాకా సాధన చేయించండి.

తిరుగుబాటును అణచడానికి పంపిన మలబార్ స్పెషల్ పోలీసు, అస్సాం రైఫిల్స్ బలగాలు తెర మీదకు రాగానే ఆయుధం మారాలి. ఇక్కడ .303 లీ ఎన్‌ఫీల్డ్ సరిపోతుంది. 1907లో వచ్చిన పొట్టి నమూనా అది. ఒక్క తూటా మస్కెట్టుకు ఎదురుగా పది తూటాల రైఫిలు నిలబడితే, రెండు పక్షాల బలం ఎంత తేడాగా ఉందో ఒక్క షాట్‌లో అర్థమవుతుంది. మొదటి రోజే అందరి చేతిలోనూ .303 పెట్టిన సినిమా ఆ అవకాశాన్ని చేతులారా పారేసుకుంటుంది.

అధికారి నడుముకు వెబ్లీ రివాల్వర్ పెట్టండి. 1915లో వచ్చిన ఆరో నమూనా ఈ కాలానికి సరిగ్గా సరిపోతుంది. పిడి పైన ఉన్న మీట నొక్కితే గొట్టం ముందుకు వంగి తెరుచుకుంటుంది, ఆరు ఖాళీ తొడుగులూ ఒక్కసారిగా బయటికి ఎగురుతాయి. ఈ ఒక్క కదలికకు క్లోజప్ అడగండి, దర్శకుడు కాదనడు. తోలు సంచి మూత పెట్టి ఉండాలి, పిడికి మెడ నుంచి వచ్చే తాడు కట్టి ఉండాలి.

.303ను దగ్గరగా చూడండి

మన చరిత్ర కథల్లో ఎక్కువగా కనిపించే ఆయుధం ఇదే కాబట్టి దీన్ని బాగా తెలుసుకోవాలి. పొట్టి లీ ఎన్‌ఫీల్డ్ మూతి చదునుగా, మొద్దుగా ఉంటుంది, కర్ర చివరిదాకా వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చిన నాలుగో నంబరు రైఫిలుకు గొట్టం కొస ముందుకు పొడుచుకుని వస్తుంది. 1922 కథకు ఈ రెండోది తెస్తే వెనక్కి పంపండి. ఇషాపూర్ ఫ్యాక్టరీ 1960లలో తయారు చేసిన 7.62 మిల్లీమీటర్ల నమూనా కూడా గోడౌన్లలో .303 పేరుతోనే తిరుగుతుంటుంది. దాని మ్యాగజైను (తూటాలు నింపే భాగం) అడుగు పెట్టెలాగా చదరంగా ఉంటుంది, .303ది ముందు వైపు వాలుగా ఉంటుంది. అద్దెకు తెచ్చేటప్పుడు నేను మొదట చూసేది ఆ అడుగునే.

తర్వాత ముద్ర చూడాలి. బోల్టు వెనక, చేతిపట్టు మొదలయ్యే చోట ఇనుప భాగం కుడి వైపున ఫ్యాక్టరీ ముద్ర, సంవత్సరం ఉంటాయి. బ్రిటిష్ కాలపు వాటి మీద కిరీటం, స్వాతంత్ర్యం తర్వాతి వాటి మీద అశోకుడి సింహాలు. 1922 కథలో సింహాల ముద్ర క్లోజప్‌లో పడితే మిగతా శ్రమంతా వృథా.

కాల్చే పద్ధతిలో నాలుగు కదలికలు: పిడి పైకి, వెనక్కి, ముందుకు, కిందికి. ఖాళీ తొడుగు బయటపడేది బోల్టు వెనక్కి లాగినప్పుడు. ట్రిగ్గర్ నొక్కగానే తొడుగు ఎగిరినట్టు గ్రాఫిక్స్‌లో కలిపితే తప్పు. గ్రాఫిక్స్ వాళ్లకు షాట్‌తో పాటే ఈ మాట రాసి పంపండి. శిక్షణ పొందిన బ్రిటిష్ సైనికుడు నిమిషానికి పదిహేను తూటాలు గురి చూసి కాల్చేవాడు, అంటే నాలుగు సెకన్లకు ఒకటి. మన నటుడు అంతకంటే నెమ్మదిగా చేసినా తప్పులేదు. వేగంగా చేశాడంటే మాత్రం బోల్టు పూర్తిగా లాగడం లేదన్నమాట.

పొగ

పాతకాలం తుపాకులన్నిటికీ ఒకే పొగ పెట్టడం మనవాళ్ల అలవాటు. నల్లమందు వాడే ఆయుధం నుంచి తెల్లటి దట్టమైన పొగ వస్తుంది, గాలి లేకపోతే అక్కడే నిలిచి కాల్చినవాడినే కప్పేస్తుంది. .303లో వాడిన కార్డైట్ అనే మందుకు అంత పొగ ఉండదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ 1846, 47 నాటిది. అక్కడ చెకుముకి తుపాకులు, దట్టించే కడ్డీలు, వరుసగా లేచే పొగ ఉండాలి. ఒక్కో తూటా నింపడానికి ఆరితేరిన సిపాయికి కూడా పదిహేను ఇరవై సెకన్లు పడుతుంది, ఆ సమయంలోనే గుర్రాలు మీదకు రావాలి, కత్తులు కలవాలి. ఆ కథలో తూటా తొడుగు నోటితో కొరికి కొవ్వు సంగతి ఎత్తే సీను మాత్రం పెట్టకండి, 1857లో సిపాయిల ఆ గొడవకు కారణమైన ఎన్‌ఫీల్డ్ 1853 నమూనా. అప్పటికి నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసి ఆరేళ్లు.

తర్వాతి కాలాల గురించి కొంచెం

తెలంగాణ సాయుధ పోరాటం కథలో దొర గడీలో జోడు గొట్టాల వేట తుపాకీ, దళం చేతిలో భర్మార్లు (మూతి నుంచి మందు దట్టించే నాటు తుపాకులు), వడిసెలలు, లాక్కున్న .303లు. 1948 సెప్టెంబరులో వచ్చిన భారత సైన్యానికి .303, స్టెన్ గన్, బ్రెన్ గన్. స్టెన్ మ్యాగజైను ఎడమ పక్కకు ఉంటుంది, బ్రెన్‌ది పైన ఉంటుంది, చూడగానే గుర్తుపట్టవచ్చు. ఏకే 47 పేరులో 47 ఉందని ఆ కథలో దూర్చకండి, సోవియట్ సైన్యమే దాన్ని 1949లో తీసుకుంది. 1962 చైనా యుద్ధంలో మన జవాన్ల చేతిలో ఉన్నది .303. ఎస్ఎల్ఆర్ అనే సెల్ఫ్ లోడింగ్ రైఫిలు ఆ తర్వాతే వచ్చింది. కార్గిల్ అంటే 1999, అక్కడ ఇన్సాస్ రైఫిలు ఉండాలి.

పోలీసు కథల్లో పాత ఆయుధం పెట్టడానికి భయపడవద్దు. ఉత్తరప్రదేశ్ పోలీసులు .303కు వీడ్కోలు చెప్పింది 2020లో. అంటే ఈ శతాబ్దపు మారుమూల స్టేషన్ సీనులో కూడా అది న్యాయంగా ఉండవచ్చు.

ఇప్పటి కథలో వ్యాపారి బల్ల సొరుగులో తళతళలాడే 9 మిల్లీమీటర్ల పిస్తోలు పెడతారు. మన దేశంలో ఆ కొలత సామాన్య పౌరులకు నిషేధం. లైసెన్సున్న వ్యాపారి దగ్గర ఉండగలిగింది కాన్పూరు ఫ్యాక్టరీ .32 రివాల్వర్ లాంటిది. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులకే లైసెన్సు, అంతకు ముందు మూడు. 9 మిల్లీమీటర్లది పెట్టాలనే ఉంటే పెట్టండి, కానీ అతను నేరస్థుడని కథ ఒప్పుకోవాలి. రాయలసీమ ముఠా కక్షల కథలో వేటకొడవళ్లు, నాటు బాంబులు ముందు వరుసలో ఉంటాయి. వరుస కార్లలో అందరి చేతా ఏకేలు పట్టించడం ఆ నేల మీద జరిగినదానికి అన్యాయం.

డమ్మీకి ప్రాణం పోయడం

ప్రతి ప్రధాన ఆయుధానికీ మూడు నకళ్లు కావాలి: క్లోజప్‌కు లోహం, కర్రతో చేసినది, మధ్యస్థ షాట్లకు ఫైబర్‌ది, పడటాలకు, కొట్టుకోవడానికి రబ్బరుది. అసలు .303 దగ్గర దగ్గర నాలుగు కిలోలు. ఫైబర్ డమ్మీ అందులో సగం కూడా తూగదు, నటుడు దాన్ని ఒంటి చేత్తో ఊపుతూ కొండెక్కుతాడు. మడమలోనూ (భుజానికి ఆనించే వెనక భాగం) గొట్టంలోనూ ఇనుప కడ్డీలు దించి బరువు పెంచండి. అప్పుడు పట్టీ భుజంలో దిగబడుతుంది, ఎక్కేటప్పుడు నటుడు తనంతట తానే భుజం మారుస్తాడు. ఆ కదలిక నేర్పితే రాదు.

రంగు విషయంలో నిగనిగలాడే నలుపు వద్దు. మెరుపు లేని నలుపు పూసి, ఆరాక గ్రాఫైటు పొడి గుడ్డతో రుద్దితే ఇనుము రంగు తేలుతుంది. తర్వాత చేతులు ఎక్కడ తగులుతాయో ఆలోచించి అక్కడే అరగదీయండి: బోల్టు పిడి గుండు, మూతి అంచులు, మ్యాగజైను మూలలు, నడిచేటప్పుడు పట్టుకునే మధ్యభాగం. కర్రకు అవిసె నూనె పట్టించి, అరచేయి ఆనే చోట ఇంకో రెండుసార్లు రుద్దితే అక్కడ ముదురు రంగు వస్తుంది. ఎక్కడపడితే అక్కడ గీతలు పెట్టడం పనితనం అనిపించుకోదు.

స్టేషన్ తుపాకుల మడమల మీద వరుస నంబర్లు తెల్ల రంగుతో వేయించండి. అవి తిరుగుబాటుదారుల చేతికి వచ్చాక కూడా ఆ నంబరు అలాగే ఉండాలి. ఏడో నంబరు తుపాకీ మొదట కానిస్టేబుల్ దగ్గర, తర్వాత ఒక కోయ యువకుడి దగ్గర, అతను పోయాక ఇంకొకరి భుజాన కనిపిస్తే, సంభాషణ లేకుండానే ఒక కథ నడుస్తుంది. సీను నంబర్ల వారీగా పట్టిక రాసుకోండి: ఏ సీనులో పట్టీ తెగింది, ఎప్పటి నుంచి దాని స్థానంలో నార తాడు వచ్చింది, వానాకాలం తర్వాత స్క్రూల సందుల్లో తుప్పు ఎంత. సీన్లు వరుసగా తీయరు కాబట్టి ఈ పట్టిక లేకపోతే తుప్పు పట్టిన తుపాకీ మళ్లీ కొత్తదవుతుంది.

నటుడికి చెప్పవలసినవి

గురి పెట్టేదాకా వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు, గార్డుకు బయట చాచి ఉండాలి. శిక్షణ లేని పాత్ర అయితే వేలు లోపలే ఉంచనివ్వండి, అది అతని స్వభావం. రివాల్వర్లలో చాలావాటికి సేఫ్టీ మీట ఉండదు, ‘సేఫ్టీ తీయి’ అన్న డైలాగు కొట్టేయించండి. సిలిండరుకూ గొట్టానికీ మధ్య సందు ఉండటం వల్ల మామూలు రివాల్వర్‌కు సైలెన్సరు పనిచేయదు. పిస్తోలులో తూటాలు అయిపోతే పైభాగం వెనక్కి వెళ్లి అక్కడే ఆగిపోతుంది, ఖాళీ పిస్తోలును టిక్కు టిక్కుమనిపించే సీను చాలా పిస్తోళ్లతో కుదరదు. బెదిరించిన ప్రతిసారీ పైభాగం లాగితే లోపల ఉన్న తూటా బయట పడిపోతుంది, ఒక్కసారి లాగితే చాలు.

భద్రత

ఈ భాగంలో నాతో వాదించవద్దు. ఖాళీ తూటా, అంటే మందు ఉండి గుండు లేనిది, ప్రమాదం లేనిదని చాలామంది నమ్ముతారు. 1984లో అమెరికా నటుడు జాన్ ఎరిక్ హెక్సమ్ షూటింగ్ విరామంలో అలాంటిదే ఉన్న రివాల్వర్‌ను సరదాగా కణతకు పెట్టుకుని నొక్కి ప్రాణం పోగొట్టుకున్నాడు. 1993లో షూటింగ్‌లోనే నటుడు బ్రాండన్ లీ మరణం ఇంకో రకం: ముందు వాడిన నకిలీ తూటా తాలూకు గుండు గొట్టంలో ఇరుక్కుని ఉంది, తర్వాత పెట్టిన ఖాళీ తూటా దాన్ని బయటికి నెట్టింది. 2021 అక్టోబరులో న్యూ మెక్సికోలో ‘రస్ట్’ సినిమా సెట్ మీద ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ అసలు తూటా తగిలి చనిపోయింది. అసలు తూటా సెట్ మీదకు రానే కూడదు. ఆ సినిమాలో ఆయుధాలు చూసుకున్న ఆమెకు 2024లో శిక్ష పడింది.

మంట, పొగ, తొడుగులు గ్రాఫిక్స్‌లో కలపవచ్చు కాబట్టి చిన్న సినిమాకు కాల్చగలిగిన ఆయుధమే అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. సెకనుకు 24 ఫ్రేముల్లో మంట ఒక్క ఫ్రేములో వచ్చి పోతుంది, పగటి వెలుతురులో అదీ సరిగా కనిపించదు. డమ్మీలే అయినా క్రమం తప్పవద్దు. ఆయుధాలన్నీ ఒక్క మనిషి బాధ్యతలో, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. షాట్‌కు ముందు ఆయన దాన్ని తెరిచి నటుడికీ, ఎదుటి నటుడికీ, కెమెరా వెనక ఉన్నవాళ్లకూ లోపల చూపించాలి. కట్ చెప్పగానే వెనక్కి తీసుకోవాలి. సెల్ఫీలకు ఇవ్వకూడదు, ఎంత పెద్ద నటుడు అడిగినా సరే. ఎదుటివాడి మీద గురి పెట్టే షాట్‌లో మూతిని కొంచెం పక్కకు పెట్టించండి, కెమెరా కోణం ఆ తేడాను దాచేస్తుంది. బయట లొకేషన్లో తీస్తుంటే స్థానిక పోలీసులకు ముందే రాతపూర్వకంగా తెలియజేసి, ఊరివాళ్లకూ చెప్పండి. దూరం నుంచి చూసేవాడికి డమ్మీ అని తెలియదు.

చివరిగా శబ్దం

మన పని ప్యాకప్‌తో అయిపోదు. ఏ సీనులో ఏ తుపాకీ, ఎంత దూరం నుంచి, తెరిచిన మైదానంలోనా లోయలోనా అన్నది రాసి శబ్దం చేసేవాళ్లకు ఇవ్వాలి. మార్టినీది బరువైన, గుబుక్కుమనే మోత. .303ది పదునైన దెబ్బ, దాని గుండు ధ్వని కంటే వేగంగా వెళుతుంది కాబట్టి పక్క నుంచి దూసుకుపోయినప్పుడు కొరడా చరిచినట్టు వినిపిస్తుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. లోయకు అవతల ఏడు వందల మీటర్ల దూరంలో మస్కెట్టు పేలితే ముందు పొగ కనిపించి, రెండు సెకన్ల తర్వాత మోత వినిపించాలి, ఆపైన కొండల ప్రతిధ్వని. ఎడిటర్ ఆ రెండు సెకన్లు ఎక్కువని కోసేయబోతాడు. ఆ పూట ఎడిటింగ్ గదిలో మీరు ఉండేలా చూసుకోండి.